తూటాలు నింపే అక్క

పోయిన నెల మైదుకూరు పశువుల ఆసుపత్రిలో ఒక ఎద్దు కాలు పైకెత్తి పట్టుకొని గిట్టలో దిగిన ముల్లు తీస్తున్నాను. ఎద్దును తోలుకొచ్చిన రైతు ముల్లు వైపు చూడకుండా నా ముఖమే చూస్తున్నాడు. కాసేపటికి అడిగాడు.

"సారూ, మీరు ముందర ఆత్మకూరులో ఉండిన డాక్టరు గదా?"

అవునన్నాను.

"మాది ఆ పక్కే. ఈడికి ఇల్లరికం వచ్చినా. మీకు తెలుసు గదా, తూటాలు నింపే ఆయమ్మ. పోయింది సార్. మూడు దినాలు జరమొచ్చింది, నాలుగో దినం మనిషి లేదు."

ఎద్దు కాలు నా చేతిలోంచి జారింది. మళ్ళీ ఎత్తి పట్టుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ముల్లు తీశాను, మందు రాశాను, కట్టు కట్టాను. రైతు దండం పెట్టి ఎద్దును తోలుకొని పోయాడు. ఆ తర్వాత ఆ రోజు ఆసుపత్రికి ఏ గొడ్లు వచ్చాయో, వాటికి నేనేం చేశానో నాకు గుర్తు లేదు.

ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. ఆ ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆమె భర్త కూడా "ఏమే" అనే పిలిచేవాడు. పేరు నాకు తెలుసు గాని ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

నాకు ఆత్మకూరులో మొదటి ఉద్యోగం వచ్చిన ఏడే కర్నూలు రాజధాని అయింది. అప్పటికి మా నాయన పోయి ఒక సంవత్సరం. మా ఊరు వేంపల్లె దగ్గర. నాయన జంట గొట్టాల తుపాకీ లైసెన్సు నా పేరు మీదికి మారింది. తుపాకీతో పాటు ఒక గుడ్డసంచిలో ఇరవై కాల్చేసిన ఇత్తడి తూటాలు కూడా వచ్చాయి. మా నాయన వాటిని తనే మళ్ళీ నింపుకొనేవాడు. నింపేటప్పుడు గది తలుపు గడియ పెట్టుకొనేవాడు. మేము బయట నిలబడి లోపల కట్టె తగిలే చప్పుడు వినడమే. నాకు నేర్పమని ఒకసారి అడిగితే, "తర్వాత చూస్తాం" అన్నాడు. ఆ తర్వాత అనేది ఇంక రాలేదు. సంచిని ఆత్మకూరుకు తెచ్చుకొని మంచం కింద పెట్టుకున్నాను. అప్పుడప్పుడు తీసి తుడిచి మళ్ళీ పెట్టేవాణ్ణి. కొత్త తూటాలు కావాలంటే కర్నూలుకు పోవాలి. అక్కడ కూడా పోయిన ప్రతిసారీ దొరకవు.

ఒక రోజు ఆత్మకూరుకు రెండు మైళ్ళ దూరంలో, నల్లమల కొండల వైపు ఉన్న పల్లె నుంచి మనిషి వచ్చాడు. పాలిచ్చే ఎనుమును ఒకదాన్ని అడవిపంది పొడిచింది, వెంటనే రమ్మన్నాడు. సైకిలెక్కి పోయాను. గాయం లోతైనదే. కుట్లు వేసి లేచేసరికి చేతులు కడుక్కోవడానికి నీళ్ళ చెంబు అందించిన ఆమే అక్క. పొడుగు మనిషి, ఎండకు కాలిన రంగు, నలభై ఏళ్ళుంటాయి. కుడిచేతి బొటనవేలి గోరు కింద నల్లటి గీత ఒకటి ఉంది. ఎంత కడిగినా పోని మసి అది. అప్పటికి నాకు తెలియలేదు.

చేతులు కడుక్కొని తలెత్తితే పడసాల ముందర నాపరాయి బండ మీద, వడియాలు ఎండబెట్టినట్టు వరసగా, మూతులు కిందికి పెట్టిన ఇత్తడి తూటాలు ఎండకు మెరుస్తున్నాయి.

"ఇవి ఎవరు నింపుతారమ్మా?" అని అడిగాను.

"ఇంకెవురు నింపుతారు? నేనే."

"మీరా?"

"ఏమప్పా, వడియాలు పెట్టే చేత్తో తూటా నింపితే అది పేలనంటాదా?" అంది నవ్వకుండా.

పడసాలలో కూర్చున్న ఆమె భర్త మాత్రం గట్టిగా నవ్వాడు. ఆయన ఎడమచేతికి బొటనవేలూ చిటికెనవేలే ఉన్నాయి. మధ్య మూడు వేళ్ళూ లేవు. నా చూపు అటు పోవడం గమనించి తనే చెప్పాడు.

"ఎలుగొడ్డు కొరికింది సార్. బైర్లూటి అడవి దావలో."

ఆ మాట వింటూనే అక్క చెంబు తీసుకొని లోపలికి పోయింది.

కుట్లు విప్పడానికి పదిరోజుల తర్వాత పోయినప్పుడు మా నాయన గుడ్డసంచి వెంట తీసుకుపోయాను. మీరు నేర్పితే నేర్చుకుంటానని అడిగాను. ఆమె సంచి విప్పి ఒక్కొక్క తూటానూ ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. అది ఆమె అలవాటు. కాల్చేసిన తూటా ఏదైనా ముందు వాసన చూడాల్సిందే. చేను నుంచి భర్త తెచ్చిన తూటా వాసన చూసి, "ఇది తగల్లేదు," అనేది. ఆయన, "వాసన చూసి గురి చెప్తాది చూడప్పా!" అని ఆశ్చర్యపోతున్నట్టు నటించేవాడు. నిజానికి ఆయన ముఖం చూసి చెప్పేదని నా అనుమానం.

మా నాయన తూటాల వాసన చూసి, "శానా దినాలు అయినట్టుండాది కాల్చి. ఎవురివి?" అంది.

చెప్పాను. గడియ పెట్టిన గది సంగతి కూడా చెప్పాను.

"నీకు పందుల బాధ లేదు, చేను లేదు. మరెందుకు?"

"సరదాకే అక్కా. ఆదివారం పూట కౌజుపిట్టలకు పోదామని." మొదటిసారి అక్కా అన్నది అప్పుడే. నోటికి అట్లా వచ్చేసింది.

ఆమె తూటాలను మళ్ళీ సంచిలో వేసింది. "సరదాకు చేసేటోడు నిదానంగానే చేస్తాడులే. పంది చేన్లో ఉండాదని ఉరుక్కుంటా వచ్చి నింపమనేటోళ్ళతోనే భయం. ఆదివారం మధ్యాన్నం రా డాక్టరప్పా. కడుపునిండా తిని రా. ఆకలి మీద కూచ్చోవద్దు."

ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా తిని పోలేదు. పోగానే కొర్రన్నమో సంగటో పెట్టేది. సంగటి మీదికి రోట్లో నూరిన ఊరిబిండి ఎంత వేసేదంటే, సంగటి అయిపోయినా అది మిగిలేది.

మా పని ఎప్పుడూ మధ్యాహ్నం పూటే. అన్నాలు తిన్న తర్వాత పొయ్యిలో నిప్పు చల్లార్చి, బూడిద కూడా ఎత్తి పెరట్లో పోసి, నీళ్ళు చల్లి అప్పుడు కూర్చునేది. భర్త బీడీ కాలుస్తుంటే కూర్చునేది కాదు. ఆయన ఆర్పి, ఆర్పిన బీడీని ఆమెకు చూపించి, చూరులో పెట్టి వచ్చేదాకా తుపాకిమందు డబ్బా మూత తీసేది కాదు.

ముందు నెల రోజులు ఆమె నన్ను మందు డబ్బా ముట్టనివ్వలేదు. కాల్చిన తూటాలను చింతపండు పులుసులో నానబెట్టడం, పీచుతో లోపలా బయటా తోమడం, ఎండబెట్టడం. అడుగున ఉండే పాత టోపీని సన్నటి ఇనుప సీలతో వెనక్కి తోసి తీసేసి కొత్తది బిగించడం. తుపాకీ గుర్రం వచ్చి కొట్టేది ఆ టోపీనే, నిప్పు పుట్టేది అక్కడే. ఇత్తడి ఎక్కడైనా చిట్లిందా అని గోటితో తిప్పి చూడటం. చిట్లినదాన్ని ఆమె చూపు ఆనకుండానే గోరు పట్టేసేది. "ఇది పనికిరాదు," అని పెరట్లోకి విసిరేసేది. మా నాయన ఇరవై తూటాల్లో నాలుగు అట్లా పోయాయి. నేను ముఖం చిన్నబుచ్చుకుంటే, "మీ నాయన ఉండినా పారేసేటోడే," అంది.

నల్ల కంబళి చింపి అందులోంచి గుండ్రటి బిళ్ళలు కోయడం నేర్పింది. మందుకూ గుండ్లకూ మధ్య అవి అడ్డం పెట్టాలి. పైన అట్టబిళ్ళ, దాని మీద, మందు డబ్బా మూసి దాచిన తర్వాతే కరిగించిన తేనెమైనం. ఆ మైనం చెంచువాళ్ళు అడవి నుంచి తెచ్చిచ్చేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళతో అక్క గంటలు గంటలు మాట్లాడేది. అడవిలో ఏ చెట్టు పూసింది, ఎవరి కూతురికి కానుపు అయింది, అన్నీ కావాలి ఆమెకు. అంత మాటకారి, మందు డబ్బా ముందర కూర్చుంటే మాత్రం వేరే మనిషి. ముంజేతి గాజులు మోచేతి దాకా పైకి తోసుకొని ఒక గుడ్డపీలికతో కట్టుకొనేది, కదిలితే చప్పుడు కాకుండా.

"గాజులు గలగలమంటే చెవి అట్ల పోతాది. చెవి పోతే మనసు పోతాది," అనేది. "మందు పోసేటప్పుడు మాట లేదు. ఎవురు పిల్చినా పలకొద్దు. ఇల్లు కాలిపోతాందని చెప్పినా సరే, చేతిలో ఉండే తూటా ముగించి అప్పుడు లెయ్యి."

ఖాళీ తూటాలు ఎడమ పక్క, మూతి కిందికి. కొలత గిన్నెతో ఒక్క కొలత మందు పోసినవి కుడి పక్క, మూతి పైకి. మందు పోసిన ప్రతి దాంట్లోనూ ఒక జొన్నపుల్ల దించి, పుల్ల మీద చాకుతో గీసిన గాటు మూతి దగ్గరికి సరిగ్గా వచ్చిందా అని చూడాలి. అన్నీ అయిన తర్వాత బండ మీద వరసగా నిలబెట్టి, నేల మీద చెంప ఆనించి పడుకొని, కన్ను తూటాల మూతులకు సరిగ్గా పెట్టి చూసేది. నలభై ఏళ్ళ మనిషి, గడపలో కోళ్ళు తిరుగుతుంటే, అట్లా బోర్లా పడుకొని ఒక కన్ను మూసి చూడటం మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. ఆమె లేచి చెంపకంటిన దుమ్ము తుడుచుకొని, "నవ్వినావు గదా, ఇప్పుడు నువ్వు పండుకో," అంది. నేనూ పడుకొని చూశాను.

రెండో నెలలో మందు పోయనిచ్చింది. మొదటి ఆదివారం సాయంత్రం దాకా కూర్చుంటే ఆరు నింపాను. అందులో ఒకదానితో మరుసటి ఆదివారం జొన్నచేల గట్టు మీద ఒక కౌజును కొట్టాను. ఆ చప్పుడు నా భుజంలోంచి పోయినప్పుడు మా నాయన గది గడియ తీసుకొని బయటికొచ్చినట్టనిపించింది. ఎవరికీ చెప్పలేదు. కాల్చిన తూటా తెచ్చి అక్క చేతికిచ్చాను. వాసన చూసి, "తగిలింది," అంది. నా సంచిలో పిట్ట తోక బయటికి కనిపిస్తూనే ఉంది.

ఈ మధ్యలో ఆమె భర్త, అంటే నేను అన్న అనే ఆయన, తన వేళ్ళు ఎట్లా పోయాయో నాకే మూడు రకాలుగా చెప్పాడు. ఎలుగొడ్డు సంగతి మరిచిపోయి ఒకసారి చెరకు గానుగలో పడ్డాయన్నాడు. ఇంకోసారి కర్నూలు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు ముందర, చిన్నప్పుడు గాడిద కొరికిందని చెప్పాడు. ఊళ్ళో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవాళ్ళు, అందరూ ఆయన నోటితో విన్నదే. సరదా మనిషి, ఊరికే కల్పిస్తాడు అనుకున్నాను. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క లోపలికి పోయేది. అది మాత్రం నేను పట్టించుకోలేదు.

వాన పడి శనక్కాయ చేలు ఊడలు దిగే సమయం వచ్చింది. పందుల బెడద ఎక్కువైంది. అన్నకు తూటాలు ఎక్కువ కావాలి. అక్క జ్వరం తగిలి పండుకుంది. నేను నింపి తెస్తానని చెప్పి ఇరవై ఖాళీ తూటాలూ వాటికి సరిపడా మందూ నా గదికి తీసుకుపోయాను. అప్పటికి నాకు ధైర్యం వచ్చేసింది. జొన్నపుల్ల ఎందుకు, చూస్తే తెలియదా అనుకునేంత ధైర్యం.

నేను నింపుతున్న మధ్యాహ్నమే కర్నూలు నుంచి నా స్నేహితుడొకడు వచ్చాడు. సెక్రటేరియట్లో గుమాస్తా. గుడారాల్లో ఆఫీసులు, గాలి లేస్తే ఫైళ్ళు ఎగిరి తుంగభద్ర వైపు పోవడం, వాటి వెనక ప్యూన్లు పరిగెత్తడం, చెప్పి చెప్పి నవ్వించాడు. నేను నవ్వుతూనే పోశాను, నవ్వుతూనే బిళ్ళలు పెట్టాను, మైనం పోశాను. ఒకదానికి అట్టబిళ్ళ పైకి తేలితే కట్టెతో గట్టిగా అదిమి మూశాను. అప్పుడు అది నాకు పెద్ద సంగతి అనిపించలేదు.

మరుసటి రోజు ఇరవై తూటాలూ తీసుకుపోయి గొప్పగా అక్క ముందర పెట్టాను. జ్వరం తగ్గి లేచి కూర్చుంది. అన్న చేనుకు బయలుదేరుతూ చెయ్యి చాపాడు. అక్క ఆ చేతిని పక్కకు తోసింది.

"ఉండు."

అంత నీరసంలోనూ తూటాలను బండ మీద నిలబెట్టి, చెంప నేలకానించి పడుకొని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి, వరసలో పదమూడోదో పద్నాలుగోదో, ఒక తూటాను తీసింది. దాని మైనం మిగిలినవాటికంటే వడ్లగింజంత ఎత్తున్నట్టుంది. నాకు కనిపించలేదు. ఆమెకు కనిపించింది.

చాకుతో మైనం గీకి, అట్టబిళ్ళ తీసి, గుండ్లు ఒక గిన్నెలో ఒంచింది. కంబళి బిళ్ళ ఊడదీసి, మందును కాగితం మీద పోసింది. కొలత గిన్నెతో కొలిచింది. ఒకటి నిండింది. కాగితం మీద ఇంకా మిగిలింది. ఆ మిగిలినదీ పోస్తే రెండోది నిండింది.

 కట్టెతో గట్టిగా అదమడం అప్పుడు గుర్తొచ్చింది.  అన్న తుపాకీ పాతది, గొట్టాలు అరిగినవి. రెండు కొలతల మందు పేలితే ఆ గొట్టం నిలవదని ఆమే నాకు ఎన్నోసార్లు చెప్పింది.

"మాట్లాడుకుంటా నింపినావా?" అంది.

తల ఊపాను.

ఆమె తిట్టలేదు. భర్త వైపు చూసింది. ఆయన ముఖం తిప్పుకొని గొడ్ల పాక వైపు నడవబోయాడు.

"నిలబడు. యాడికీ పోవద్దు. ఈ అప్పకు చెప్పల్ల," అని ఆయనతో అని, నా వైపు తిరిగింది. "మీ అన్న వేళ్ళు ఎలుగొడ్డు కొరకలేదు. గానుగలో పడలేదు. నేను తీసినా."

"ఏమే, ఇప్పుడెందుకవన్నీ!" అన్నాడాయన.

"నేను పెండ్లయి వచ్చిన రెండో ఏడు. ఆయప్ప సరదాకు నింపుతాంటే పక్కన కూచ్చొని నేనూ నేర్చుకున్యా. శానా బాగ నింపుతాంటి. అందరూ మెచ్చుకుంటాండ్రి. ఒక దినం మా చెల్లెలొచ్చింది మా ఊరి నుంచి. దాంతో మాట్లాడుకుంటా పోసినా. నవ్వుకుంటా పోసినా. మరుసటి దినం తెల్లారి చేన్లో పేలింది. ముందు గొట్టం పట్టుకున్న చెయ్యి అది." ఆమె ఆయన ఎడమచేతిని చూపించింది, ఆయనది కానట్టు, ఇంట్లో ఉన్న ఒక వస్తువును చూపించినట్టు. "ఆ దినం నుంచి ఊళ్ళో ఎవురడిగినా ఒక అబద్ధం చెప్తాడు. నా పేరు రాకూడదని. ఇరవై ఏండ్లాయ. ఏం చెప్పినాడో ఆయప్పకే గుర్తుండదు."

ఆయన నేలవైపు చూస్తూ నిలబడ్డాడు, తప్పు తనదే అయినట్టు.

"కర్నూలు ఆసుపత్రిలో రెండు నెలలు. ఇంటికొచ్చినంక నేను డబ్బా తీసకపోయి బాయిలో పడేద్దామనుకున్యా. ఈయప్ప ఏం చేసినాడో తెల్సా? ఇంకో పాత తుపాకీ తెచ్చుకున్యాడు. ఖాళీ తూటాలు తెచ్చి నా ముందర పోసినాడు. నింపు అన్యాడు. కాళ్ళు పట్టుకొని ఏడ్చినా, నాతో కాదని. నువ్వు నింపకుంటే ఇంక చేను బీడు పెడతా అన్యాడు. ఇంకెవురు నింపినా కాల్చనన్యాడు. ఒక్కటి నింపేదానికి మధ్యాన్నమంతా పట్టింది నాకు. దాన్ని తీసుకొని పెరట్లోకి పోయినాడు. నేనూ ఉరికినా. ఆయప్ప పక్కన ఆనుకొని నిలబడుకున్యా, పేలితే ఇద్దరికీ పేలనీ అని. కాల్చినాడు. ఏం కాలే. ఆపొద్దు ఆయప్ప నవ్వు చూడల్ల నువ్వు."

ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. జ్వరం తగ్గిన ముఖం, కళ్ళు మెరుస్తున్నాయి. ఏడవలేదు.

నేను ఈ పని మానేస్తానన్నాను. తుపాకీ వేంపల్లెకు పంపించేస్తానన్నాను. అప్పుడు మాత్రం కోపమొచ్చింది ఆమెకు.

"ఏమప్పా, ఒక్కసారి తప్పు చేసి ఉరికిపోతావా? కూచ్చో. మిగిలినవన్నీ విప్పు. మళ్ళా నింపు. పొయ్యి ఆర్పి వస్తా ఉండు."

అన్నీ విప్పాను. ఆ పూట ఒక్కటే నింపగలిగాను. జొన్నపుల్ల నాలుగుసార్లు దించి చూశాను. అక్క మైనం గట్టిపడే వరకు ఆగి, ఆ తూటా తీసుకుపోయి భర్తకిచ్చింది.

"డాక్టరప్ప నింపినాడు. కాల్చు."

"అన్నా, వద్దు. నేనే కాలుస్తా," అంటూ లేచాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. తూటాను అటూ ఇటూ తిప్పి చూడను కూడా చూడలేదు. తుపాకీని మడత దగ్గర విరిచి, తూటా పెట్టి, మూసి, పెరటి గోడ అవతల ఉన్న పుట్ట వైపు గురిపెట్టాడు. ఆ రెండు వేళ్ళ చెయ్యి గొట్టం కింద ఆనించి ఉంది. అక్క పోయి ఆయన ఎడమ భుజానికి ఆనుకొని నిలబడింది. నేనూ పోయి కుడి పక్కన నిలబడ్డాను. 

పేలింది. పుట్ట మీద దుమ్ము లేచింది. కోళ్ళన్నీ గొడ్ల పాకలోకి పరిగెత్తాయి. అంతే.

అక్క తూటా బయటికి లాగి వాసన చూసింది. "మంచిగుండాది," అని నా అరచేతిలో పెట్టింది. అది ఇంకా వెచ్చగా ఉంది.

నాకు ముప్ఫై ఏళ్ళు దాటాయి. పెళ్ళయింది, ఒక కూతురు. పై ఆఫీసర్లు మెచ్చుకున్నారు, మేలు పొందిన రైతులు దండాలు పెట్టారు. ఆ పెరట్లో ఆ ఇద్దరూ నన్ను నమ్మినట్టు నన్ను ఎవరూ నమ్మలేదు. నమ్మాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదేమో. ఇప్పటికీ ఒక ఎద్దుకు సూది వేసేముందు సీసా మీద పేరు రెండుసార్లు చదువుతాను. పక్కన కాంపౌండరు ఏదైనా చెప్పబోతే చెయ్యెత్తి ఆపుతాను. వాడు నన్ను చాదస్తపు మనిషి అనుకుంటాడు.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర ఆత్మకూరులో ఉన్నాను. ఏ ఆదివారం ఖాళీ దొరికినా సైకిల్ ఆ దావనే పట్టేది. రాజధాని హైదరాబాదుకు పోయిన ఏడు నాకు కడప జిల్లాకు బదిలీ అయింది. చెప్పడానికి పోయినప్పుడు అక్క ఒక డబ్బాలో ఊరిబిండి పెట్టిచ్చింది. "మళ్ళా ఎప్పుడొస్తావు?" అంది. పండగకు వస్తానన్నాను. పండగకు పోలేదు. పెళ్ళయిన తర్వాత నా భార్యను తీసుకొని పోదామనుకున్నాను. ఆమెకు అక్కను చూపించాలని, ఆ బండ ముందర పడుకొని చూడటం చూపించాలని ఎంతగా అనుకున్నానో. కూతురు పుట్టింది, గాలికుంటు జబ్బులు వచ్చాయి, సెలవు దొరకలేదు. మైదుకూరు నుంచి ఆత్మకూరు ఒక పూట ప్రయాణం. ఆ ఒక్క పూట నాకు దొరకలేదని ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

రైతు చెప్పిన మూడోరోజు సెలవు పెట్టి బస్సెక్కాను. నంద్యాలలో మారి ఆత్మకూరులో దిగి, సైకిలు బాడుగకు తీసుకొని పోయేసరికి మధ్యాహ్నం దాటింది.

అన్న పడసాలలో ఒక్కడే కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నేనే పోయి పక్కన కూర్చున్నాను.  ఆమె తమ్ముడి కూతురు వచ్చి వండిపెడుతోందట. ఆ పిల్ల మజ్జిగ తెచ్చిచ్చింది.

"చేను ఎట్లుండాది అన్నా?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని.

"పందులు తినేసినాయప్పా. సగం శనక్కాయ పోయింది."

తుపాకీ గోడకు వేలాడుతూనే ఉంది. దాని కింద గూట్లో తూటాల చెక్కపెట్టె. మూత తీసి చూశాను. లోపల పద్దెనిమిది నిండు తూటాలు, మైనం పోసి, వరసగా ఉన్నాయి.

"తూటాలుండాయి గదన్నా. కాల్చలేదా?"

"లేదు."

 చూరు కింద చూస్తే ఖాళీ తూటాలు ఒక బుట్టలో ఉన్నాయి, మందు డబ్బా పైన ఉంది. పొయ్యిలో నిప్పు ఆర్పమని ఆ పిల్లకు చెప్పాను. బూడిద ఎత్తి పెరట్లో పోసి నీళ్ళు చల్లి వచ్చాను. బండ తుడుచుకొని కూర్చున్నాను. అన్న చూస్తున్నాడు. పొద్దు కొండల మీదికి వాలేటప్పటికి పదకొండు నింపాను. మైనం గట్టిపడిన తర్వాత వాటిని పెట్టెలో పెడదామని మూత తీశాను.

"దాంట్లో కలపొద్దప్పా," అన్నాడు అన్న గబుక్కున.

చెయ్యి ఆపాను.

"నువ్వు నింపినవి తీసుకొని రేపు చేనుకు పోతా. వాటిని కాలుస్తా." ఆయన ఎడమచేతి రెండు వేళ్ళతో పెట్టెను తన వైపుకు లాక్కున్నాడు. "ఇవి ఆయమ్మ జరం రాకముందర నింపినవి. కాలిస్తే అయిపోతాయి గదా. అయిపోతే మళ్ళా యాడ తెచ్చుకునేది?"

నా భుజం మీది తువ్వాలు తీసి, నా పదకొండు తూటాలనూ అందులో మూటగట్టి ఆయన పక్కన పెట్టాను.